రెండు గంటల పద్దెనిమిది నిమిషాల రక్తపాతం: విసుగు ఎక్కడ మొదలవుతుంది?

వేళచ్చేరి ప్రేక్షకుడు:

భయానక చిత్రాలను శ్రద్ధగా చూసేవారిని ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. డేమియన్ లియోనీ తీసిన ‘టెర్రిఫయర్ 2’ చిత్రాన్ని ఇటీవల చెన్నై వేళచ్చేరిలో మా ఇంట్లో ఇద్దరు మిత్రులతో కలిసి చూశాను. 2022 అక్టోబరులో అది అమెరికాలో విడుదలైనప్పుడు కొందరు ప్రేక్షకులు థియేటర్లలోనే స్పృహ తప్పారనీ, కొందరు వాంతి చేసుకున్నారనీ వార్తలు వచ్చాయి. మా గదిలో అలాంటిదేమీ జరగలేదు. గంటన్నర గడిచేసరికి ఒక మిత్రుడు ఫోన్ చూసుకోవడంలో మునిగిపోయాడు, రెండోవాడు సోఫాలోనే నిద్రపోయాడు. నేను మాత్రం పట్టుదలగా చివరిదాకా చూశాను, చూసినకొద్దీ నిరాశే మిగిలింది.

నా ఫిర్యాదు చిత్రం పేదరికం మీద కాదని ముందే చెబుతున్నాను. దాదాపు రెండున్నర లక్షల డాలర్లతో, అంటే అప్పటి మారకపు విలువలో సుమారు రెండు కోట్ల రూపాయలతో, అందులోనూ చాలా భాగం అభిమానులు ఇంటర్నెట్‌లో వేసుకున్న చందాలతో తీసిన చిత్రమది. గాయాలన్నీ కంప్యూటర్ బొమ్మలు కావు, రబ్బరుతో, రంగులతో చేతిపనిగా చేసినవి. ఆ పనితనానికి నాకు గౌరవం ఉంది. ఆర్ట్ అనే హంతక బఫూన్ వేషంలో డేవిడ్ హోవార్డ్ థార్న్‌టన్ ఒక్క మాట కూడా పలకకుండా, కనుబొమలతో, చేతివేళ్లతో, అతిగా సాగిన నవ్వుతో చేసిన మూకాభినయం నిజంగా గొప్పది. దుకాణంలో వింత కళ్లజోళ్లు ఒక్కొక్కటే పెట్టి చూసుకునే సన్నివేశంలో అతను ఎవరినీ ఏమీ చేయడు, అయినా నాకు ఒళ్లు జలదరించింది. చిత్రం మొత్తంలో నేను భయపడింది అక్కడే.

ఇబ్బందల్లా మిగిలిన నిడివితోనే. 2016 నాటి మొదటి భాగం గంటన్నర కూడా ఉండదు. అందులో కథ లేదు, పాత్రలు లేవు, ఒక రాత్రి ఒక పాడుబడ్డ భవనంలో జరిగే హత్యలే ఉన్నాయి. రెండో భాగంలో సియెన్నా అనే అమ్మాయి, ఆమె తమ్ముడు, విసిగిపోయిన తల్లి, చనిపోయిన తండ్రి వదిలివెళ్లిన బొమ్మల పుస్తకం, ఒక కత్తి, ఒక పీడకల, ఇలా ఎన్నో వచ్చి చేరాయి. ఇవి చేరడం తప్పని నేను అనను. కానీ కుటుంబ కథ నడుస్తున్నంతసేపూ హత్యల కథ ఆగిపోతుంది, హత్య మొదలైతే కుటుంబ కథ ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. రెండు వేర్వేరు చిత్రాలను ఎవరో వంతులవారీగా చూపిస్తున్నట్టు అనిపించింది. ఇక ఆర్ట్ ఒక అమ్మాయిని చంపే, అందరూ చెప్పుకునే ఆ పడకగది హత్య విషయానికి వస్తే, మొదట కళ్లు మూసుకున్నాను, కాసేపటికి తెరిచి మేకప్ ఎలా చేశారో గమనించడం మొదలుపెట్టాను, మరి కాసేపటికి ఇది ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చూశాను. చిత్రం నన్ను వేధించాలనుకున్న చోట నాకు కాలక్షేపం కరువైంది.

నా సందేహాలు రెండు. ఇంత విసుగుకు కారణం 138 నిమిషాల నిడివా, లేక హింసను అంత తీవ్రంగా చూపిస్తే ఎంత చిన్న చిత్రమైనా ఇలాగే మొద్దుబారిపోతామా? రెండోది, డబ్బు లేనివాడు చిన్న చిత్రం తీయాలి కదా. మన చెన్నై సినిమా పేట కోడంబాక్కంలో నిర్మాతల నోట ఎప్పుడూ వినిపించే మాట, షూటింగ్ ఒక్క రోజు పెరిగినా ఖర్చు తడిసి మోపెడవుతుందన్నదే. మరి ఇక్కడ లెక్క ఎందుకు తిరగబడింది?

కత్తెర పని:

నేను శాలిగ్రామంలో ఒక ఎడిటింగ్ గదిలో సహాయకుడిగా పనిచేస్తున్నాను కాబట్టి ముందుగా మీ రెండో సందేహానికి జవాబు చెబుతాను, మొదటిదానికి జవాబు అందులోంచే వస్తుంది.

మీరు చెప్పిన కోడంబాక్కం లెక్క ఫిల్మ్ రోజులది. 35 ఎం.ఎం.లో వెయ్యి అడుగుల డబ్బా కెమెరాలో పెడితే పదకొండు నిమిషాలు తిరిగి అయిపోయేది, ఆ తర్వాత ల్యాబ్‌లో కడగడానికి మళ్లీ డబ్బు కావాలి. అందుకే దర్శకుడు ‘యాక్షన్’ అనే ముందే ఏది కావాలో తేల్చుకునేవాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక కెమెరాను ఎంతసేపు తిప్పినా అదనపు ఖర్చు దాదాపు లేదు. ఎడిటింగ్ కూడా సొంత కంప్యూటర్‌లో సొంతంగా చేసుకుంటే, చిత్రం ఎనభై నిమిషాలున్నా నూట నలభై నిమిషాలున్నా ఆ బల్ల దగ్గర ఖర్చు ఒక్కటే. కాబట్టి చిన్న బడ్జెట్ అనేది నిడివికి పగ్గం వేయడం ఎప్పుడో మానేసింది. పైగా తర్వాత వచ్చిన మూడో భాగానికి దాదాపు ఇరవై లక్షల డాలర్లు ఖర్చు పెట్టారు, దాని నిడివి 125 నిమిషాలు. డబ్బు ఎనిమిది రెట్లు పెరిగితే నిడివి పదమూడు నిమిషాలు తగ్గింది.

అసలు కారణం పేర్ల పట్టికలో ఉంది. ‘టెర్రిఫయర్ 2’కు రచన లియోనీ, దర్శకత్వం లియోనీ, ఎడిటింగ్ లియోనీ, గాయాల మేకప్‌ను రూపొందించినదీ ప్రధానంగా లియోనీయే. నాలుగు పనులూ ఒకే మనిషివైతే ఏం జరుగుతుందో మా గదిలో చాలాసార్లు చూశాను. రాత్రులు మేల్కొని లేటెక్స్ అనే ద్రవ రబ్బరు పోసి, ఆరబెట్టి, రంగు వేసి, నటి ఒంటికి గంటల తరబడి అతికించిన వస్తువు తెరమీద రెండు క్షణాలే కనిపిస్తే చేసినవాడి ప్రాణం ఒప్పుకోదు. ఆ శ్రమ ఫుటేజీలో కనిపించదు, అది అతని జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. సెట్‌కు వెళ్లని ఎడిటర్‌కు ఆ జ్ఞాపకం లేదు. షాట్ పనికొస్తుందా లేదా అన్నదొక్కటే చూస్తాడు, అక్కర్లేదంటే నిర్దాక్షిణ్యంగా తీసేస్తాడు. దర్శకులు మమ్మల్ని తిట్టుకోవడానికీ, మళ్లీ మమ్మల్నే పిలవడానికీ కారణం ఇదే.

1960లో విడుదలైన ‘సైకో’లోని స్నానాల గది హత్యను దర్శకుడు హిచ్‌కాక్ వారం రోజులు చిత్రీకరించాడు. తెరమీద అది ముప్పావు నిమిషం. నెత్తురుగా వాడింది చాక్లెట్ సిరప్, చిత్రం నలుపు తెలుపు కాబట్టి సరిపోయింది. 1974లో టోబీ హూపర్ తీసిన ‘ద టెక్సస్ చైన్ సా మాసకర్’ ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే అది కూడా చేతిలో డబ్బు లేకుండా తీసిన చిత్రమే. చివర్లో వచ్చే భోజనాల బల్ల సన్నివేశం కోసం టెక్సస్ ఎండల్లో, కిటికీలు మూసిన ఇంట్లో, కుళ్లిపోతున్న మాంసం వాసన మధ్య ఒక రోజుకు పైగా ఏకబిగిన పనిచేశారు. అంత నరకం పడినవాళ్లు దాన్ని అరగంట చూపించాలని ఆశపడితే తప్పు పట్టలేం, అయినా చిత్రం మొత్తం 83 నిమిషాల్లో ముగిసింది. దాని పేరు వినగానే నెత్తుటి వరద గుర్తుకొస్తుంది, తీరా చూస్తే తెరమీద కనిపించే నెత్తురు చాలా తక్కువ.

ఇప్పుడు మీ మొదటి సందేహం. దాడి సన్నివేశంలో మూడు దశలుంటాయని మా గురువుగారు చెప్పేవారు: ఎదురుచూపు, దెబ్బ, దెబ్బ తర్వాతి స్థితి. భయం దాదాపుగా మొదటి దశలోనే ఉంటుంది. దెబ్బ పడ్డాక ప్రేక్షకుడికి కొత్తగా అందేది సమాచారం మాత్రమే, ఎక్కడ తగిలింది, ఎంత లోతు, ఇంకా ఊపిరి ఉందా అన్నది. పడకగది సన్నివేశంలో లియోనీ ఈ రెండో దశను సాగదీస్తూ పోతాడు. అయిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలుపెట్టడం మొదటిసారి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఆ బఫూన్ మనతో ఆడే క్రూరమైన పరిహాసం. అదే పరిహాసం మళ్లీ మళ్లీ వస్తే మనం బాధితురాలి పక్షం వదిలి మేకప్ పరీక్షకులుగా మారిపోతాం. మీకు జరిగింది సరిగ్గా ఇదే. దీనికి తోడు ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. రబ్బరు చర్మం మెరుపులా కనిపించి మాయమైతే కన్ను నమ్ముతుంది. వెలుతురులో నిలబెట్టి చూపిస్తే అంచులు తెలిసిపోతాయి, వెలుగు దాని మీద పడే తీరు మనిషి చర్మం మీద పడే తీరులా ఉండదు. బడ్జెట్ తక్కువైనకొద్దీ షాట్ పొట్టిది కావాలి. ఇక్కడ షాట్ పొడవైంది, అది కూడా గర్వంతో పొడవైంది.

అర్ధరాత్రి ఆట:

కత్తెర పని గారి వాదన వినడానికి బాగుంది కానీ, ఇది ఎవరి కోసం తీసిన చిత్రమో ఆయన మరిచిపోయినట్టున్నారు. ఈ చిత్రానికి చందాలు ఇచ్చినవాళ్లు బిగువైన కథనం కోసం ఇవ్వలేదు, స్టూడియోలు ఒప్పుకోని అతిని కళ్లారా చూడటానికి ఇచ్చారు. వాళ్ల డబ్బుతో తీసిన చిత్రంలో ఆ అతిని కత్తిరించి పారేస్తే అదే అసలైన మోసం అవుతుంది. రెండున్నర లక్షల డాలర్ల చిత్రం కోటీ యాభై లక్షల డాలర్ల దాకా వసూలు చేసిందంటే అది కేవలం స్పృహ తప్పిన వార్తల మహిమ అనుకోవడం నాకు న్యాయంగా తోచదు. మొదటి భాగంలో పాత్రలే లేవని విమర్శించినదీ మనమే, రెండో భాగంలో పాత్రలు పెట్టి వాటికి సమయం ఇస్తే నిడివి ఎక్కువైందంటున్నదీ మనమే.

‘పుష్ప 2’ను 200 నిమిషాలు కూర్చుని చూసినవాళ్లం, 138 నిమిషాలకు మొరపెట్టుకోవడం చూస్తే నాకు నవ్వొస్తోంది. పైగా మీరు దీన్ని ఇంట్లో చూశారు. ఇలాంటి చిత్రాలను నిండిన హాల్లో, అరిచేవాళ్ల మధ్య, పక్కసీటు మనిషి మోచెయ్యి పట్టుకున్నప్పుడు చూడాలి. అక్కడ ఆ సాగదీత విసుగు పుట్టించదు, ‘ఇంకా ఉందా!’ అని హాలంతా ఒక్కసారి గొల్లుమంటుంది. సోఫాలో నిద్రపోయిన మీ మిత్రుడి తప్పును దర్శకుడి మీద వేయకండి.

నుంగంబాక్కం పాఠకురాలు:

అర్ధరాత్రి ఆట నాయనా, నీ ఉత్సాహం బాగుంది గానీ, ‘పుష్ప 2’కు మధ్యలో విశ్రాంతి ఉంది, పాటలు ఉన్నాయి, ఒక రసం నుంచి మరో రసానికి మారే వీలుంది. నిడివిని నిమిషాల్లో కొలిచి రెంటినీ పక్కపక్కన పెట్టడం కుదరదు. అసలు కిటుకు ఆ మార్పులోనే ఉందని నా అభిప్రాయం.

భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా చెప్పాడు. మొదటిదానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, భయం, రెండోదానికి జుగుప్స. భయం ముందుకు చూస్తుంది, ఏం జరగబోతుందోనని ఆరాటపడుతుంది. జుగుప్స ఎదుట ఉన్నదాన్ని చూసి ముఖం తిప్పుకుంటుంది. ముఖం తిప్పుకున్న మనిషిని కథలోకి మళ్లీ లాగాలంటే చాలా నేర్పు కావాలి. మరణాన్ని, యుద్ధాన్ని అంకంలో ప్రత్యక్షంగా చూపకుండా ప్రవేశకాల ద్వారా, అంటే అంకాల మధ్య వచ్చే చిన్న సన్నివేశాల ద్వారా, తెలియజేయాలని కూడా ఆయనే విధించాడు. ఆ నియమాన్ని ఇవాళ పాటించమని నేను అనడం లేదు, అది కేవలం మర్యాద కోసం పెట్టిన నియమమని అనుకోవద్దంటున్నాను.

నా తరం మద్రాసు తెలుగువాళ్లకు భయమంటే ముందు యండమూరి ‘తులసిదళం’. ధారావాహికగా వస్తున్న రోజుల్లో మా వీధిలో వారపత్రిక ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేతులు మారేది. చిన్న నవల కాదు అది, ఈ చిత్రం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సమయం అడుగుతుంది. అయినా విసుగు ఉండదు, ఎందుకంటే మంచాన పడ్డ పిల్లకు గడువు దగ్గరపడుతూ ఉంటుంది, చుట్టూ వైద్యులూ మాంత్రికులూ తలో దారిన పరుగులు తీస్తూ ఉంటారు, చదివే మనకు ఎవరిని నమ్మాలో తెలియదు. అక్కడ పేజీలు పెరిగినకొద్దీ భయమూ పెరుగుతుంది. తెర మీద ఆ పని రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో చేశాడు. కెమెరా నేలమట్టంగా పాకుతూ వచ్చినా, ఏమీ కనపడని నేలమాళిగ తలుపు దగ్గర ఆగినా, రేవతి ముఖంలో రంగు మారినా గుండె ఝల్లుమనేది.

వేళచ్చేరి ప్రేక్షకుడు గారు, తీవ్రమైన హింసే మిమ్మల్ని మొద్దుబార్చిందా అని అడిగారు. అది ఒక్కటే కారణం కాదని తెలుసుకోవాలంటే తకాషి మీకే తీసిన జపాను చిత్రం ‘ఆడిషన్’ (1999) చూడండి, అయితే ధైర్యం చేసుకుని చూడండి. అది కూడా దాదాపు రెండు గంటల చిత్రమే. భార్య పోయిన ఒక మనిషి మళ్లీ పెళ్లి కోసం పడే తాపత్రయంగా మొదలై, చాలాసేపు అలాగే, ఏ నెత్తురూ లేకుండా నడుస్తుంది. ఒక ఖాళీ గదిలో టెలిఫోన్, ఒక గోనెసంచీ, తలవంచుకుని కూర్చున్న అమ్మాయి, ఇవి కనిపించిన క్షణం నుంచి మీరు ఫోన్ ముట్టుకోరు. చివర్లో వచ్చే హింస భరించరానిది. అయినా దాన్ని మీరు మేకప్‌గా చూడలేరు, అప్పటికే ఆ ఇద్దరినీ మీరు ఎరుగుదురు.

వేళచ్చేరి ప్రేక్షకుడు:

అందరికీ ధన్యవాదాలు. హాల్లో చూస్తే వేరుగా ఉండేదన్న మాటను నేను కొంతవరకు ఒప్పుకుంటాను, కానీ హాలు అరుపులు అరువు తెచ్చుకుంటే తప్ప నిలబడని సన్నివేశం గురించే నా ఫిర్యాదంతా. పాఠకురాలు అమ్మగారు చెప్పిన ‘ఆడిషన్’ను ఈ వారాంతంలో చూస్తాను, ఈసారి ఒంటరిగా.

కత్తెర పని గారికి ఒక చిన్న అభ్యర్థన. విమర్శ సరే, ఈ చిత్రాన్ని మీ బల్ల మీద పెడితే ఎక్కడెక్కడ కోస్తారు? పడకగది సన్నివేశాన్ని పూర్తిగా తీసేస్తారా?

కత్తెర పని:

తీయనండి. అర్ధరాత్రి ఆట గారు చెప్పిన ఒక్క విషయం నిజం, ఆ సన్నివేశం లేకపోతే ఈ చిత్రానికి గుర్తింపే లేదు.

ముందు పీడకల జోలికి వెళతాను. క్లౌన్ కఫే అనే ఆ కలకు కథలో పని ఉంది, కలలో లేచిన నిప్పు నిద్ర లేచేసరికి సియెన్నా గదిలో నిజంగానే అంటుకుని ఉంటుంది కాబట్టి దాన్ని ఎత్తేయలేం. కానీ టీవీ ప్రకటనల మాదిరిగా సాగే పాటా, హడావిడీ మొదటి వరసలోనే అర్థమైపోతాయి, అక్కడ సగం పోవచ్చు. తల్లీ కూతుళ్ల వాదులాటలు ఒకే సంగతిని పలుమార్లు చెబుతాయి, వాటిలో బాగా నటించిన ఒక్కదాన్ని ఉంచుతాను. చివర్లో సియెన్నా ఓడి, నీళ్లలో పడి, కత్తి మహిమతో తిరిగి లేచే ఘట్టం దగ్గర చిత్రానికి రెండు క్లైమాక్సులు వచ్చాయి. మొదటి పోరాటాన్ని బాగా కుదించి, ఆమె పడిపోవడాన్ని తొందరగా తెస్తే రెండోదానికి బలం వస్తుంది. ఇవన్నీ చేస్తే నా అంచనాలో నూట పది నిమిషాల దగ్గరికి వస్తుంది. అంతకన్నా తగ్గిస్తే లియోనీ కష్టపడి కట్టిన సియెన్నా పాత్ర కూలిపోతుంది, ఆ పాత్రే ఈ చిత్రానికి మొదటి భాగం కంటే ఎక్కువ విలువ తెచ్చింది.

ఇక పడకగది. అందులో ఒక గొప్ప క్షణం ఉంది, దాన్ని మీరెవరూ ప్రస్తావించలేదు, అక్కడికి వచ్చేసరికి అలసిపోయి ఉంటారు. బాధితురాలి తల్లి ఏమీ తెలియకుండా ఇంటికి తిరిగి వస్తుంది. ఆమె గది దాకా వచ్చేలోగా మనకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉంది, కూతురు ఇంకా ప్రాణాలతోనే ఉందని. ఇంతకుముందు చెప్పిన మూడు దశల్లో మొదటిది అక్కడ మళ్లీ పుడుతోంది, చూపించవలసిన నెత్తురు అక్కడ ఏమీ లేదు. కాబట్టి దాడి మొదలయ్యాక వచ్చే మొదటి బూటకపు ముగింపును ఉంచి, మిగతావాటిని తీసేసి, నేరుగా ఆ తల్లి రాకకు కలిపేస్తాను. మేకప్ కోసం పడ్డ కష్టంలో చాలా భాగం ప్రేక్షకుడికి కనిపించదు, దర్శకుడు నాతో మాట్లాడటం మానేయవచ్చు కూడా, కానీ మీ మిత్రుడు మాత్రం ఆ సోఫాలో నిద్రపోడు.